షెవెల్ చెత్త కాదు

2019 ఏప్రిల్ 17, బుధవారం

నా పేరు డోవీ స్టిడమ్. వయసు డెబ్బై తొమ్మిది. కెంటకీ కొండల్లో లారెల్ ఫోర్క్ వాగు ఒడ్డున తెల్ల రేకుల ఇల్లు మాది. ఇంట్లో నేనూ, నా మొగుడు ఆర్లిస్ చెల్లెలు రీవా, పదకొండు కోళ్లు ఉంటాం. పెరట్లో 1970 నాటి నీలం షెవెల్ కారు ఉంటుంది. ఆర్లిస్ పోయి రెండేళ్లయింది. నాకు చదువు రాదు కాబట్టి రీవా రాస్తోంది. నేను చెప్పింది చెప్పినట్టే రాస్తానని బైబిలు మీద చెయ్యేసింది. ఇందులో ఎక్కడైనా తిట్లుంటే ఆ పాపంలో సగం దానిది.

ఈ పొద్దున కౌంటీ వాళ్లు మా తలుపుకి పచ్చ కాగితం అంటించి పోయారు. రీవా చదివింది. పెరట్లో దిమ్మల మీద కదలకుండా పడి ఉన్న బండిని చెత్త కింద లెక్కేస్తారట. మే 17 లోగా నంబరు పలక తగిలించుకుని, తన బలంతో తాను, రోడ్డు మీద నడిచి కచేరీ దాకా రావాలట. రాకపోతే ఆ రోజే లారీ వచ్చి ఎత్తుకుపోతుంది, అక్కడే కచేరీ ముందు వేలం. అది చెత్త అని ఒప్పుకోనివాళ్లు ఏ రోజు ఏ పని చేయించారో రాసి తేవాలి, రాయలేనివాళ్లు సాక్షుల ముందు గుర్తు పెట్టవచ్చు.

కౌంటీకి ఇచ్చే కాగితంలో రీవా పనులు మాత్రమే ఎక్కిస్తుంది. ఈ పుస్తకం నాది.

ఫిర్యాదు ఎవరిచ్చారో కాగితం మీద లేదు. ఉండక్కర్లేదు. రోడ్డుకి అవతల క్లేటన్ పెన్నింగ్టన్ అరుగు మీద కూచుని, మా తలుపు వైపు చూడకుండా ఉండటానికి తెగ కష్టపడుతున్నాడు.

ఏప్రిల్ 18

క్లేటన్ వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"అమ్మగారూ, సంగతి విన్నాను. చాలా బాధేసింది."

"ఎవరు చెప్పార్రా? కాగితం నా వంటింట్లోనే ఉందే."

వాడు టోపీని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "మీకెందుకీ తలనొప్పి అని. నేనే తీసుకెళ్తాను. తయారైన నాడు ఎలా ఉందో అలా చేస్తాను. ఒక్క మర కూడా మార్చను. దుప్పటి కప్పి ఉంచుతాను."

వాడి షెడ్డులో పాత కార్లు ఆరున్నాయి. ఆరింటికీ దుప్పట్లే. అందాల పోటీలకి వాటిని ట్రైలరు మీద మోసుకెళ్లి, ట్రైలరు మీదే తిరిగి తెస్తాడు. ఒక్కదాని చక్రానికీ మట్టి అంటలేదు.

"క్లేటన్, నీకు ఆరేళ్లున్నప్పుడు నీ ముక్కు తుడిచింది నేను. ఇప్పుడు అరవై ఆరు దాటినా ఇంకా కారుతూనే ఉంది. పో."

వాడు పోతూ బానెట్ మీద చెయ్యేశాడు, పసిపిల్లని తట్టినట్టు. దాని కింద అప్పటి ఇంజినే ఉందనుకుంటున్నాడు పాపం. అది ముప్పై ఏళ్ల కిందటే పగిలి పోయింది. ఇప్పుడక్కడ నా ఎర్రకోడి పొదుగుతోంది.

ఏప్రిల్ 19

ఎల్జీని పిలిపించాను. ఆర్లిస్‌తో కలిసి ఇరవై ఏడేళ్లు గనిలో యంత్రాలు బాగు చేసినవాడు. డెబ్బై నాలుగేళ్లు. కళ్లలో పొరలని లైసెన్సు తీసేసుకున్నారు గానీ, చేతులకి మాత్రం చూపు పోలేదు.

ఆర్లిస్ మంచం కింద నుంచి పెట్టెలు లాగాం. రెండేళ్లుగా నేను వాటి చుట్టూ తుడుస్తున్నానే గానీ తెరవలేదు. తెరవడానికి తీరిక దొరకలేదు. ఒక్కొక్కటీ నూనె కాగితంలో చుట్టి ఉంది. గొట్టాలు, బిగింపులు, సన్నటి తీగల జడలు. నాలుగో పెట్టెలో గుమ్మడికాయంత నత్తగుల్ల, ఇనుపది.

"డోవక్కా! వీడు కొనేశాడే! నాతో ఒక్క ముక్క అనలేదు దొంగవెధవ!" అని ఎల్జీ దాన్ని ఒళ్లో పెట్టుకుని నవ్వాడు. చాలాసేపు నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

అది టర్బో అట. ఇంజిను వదిలేసిన పొగ అందులో ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పి, బయటి గాలిని ఇంజినులోకి కుక్కి కుక్కి పెడుతుంది. షెడ్డు మూల గోనెపట్టా కింద పడి ఉన్న ఇంజిను కూడా దీని కోసం తెచ్చిందేనట. గుద్దేసిన పికప్ బండిలోంచి ఊడదీసింది, గట్టి ఇనుము. పెట్టెలో దొరికిన నోటుపుస్తకంలో ఆర్లిస్ అంతా బొమ్మలు గీసి పెట్టాడు.

"అంటే వదిలేసిన ఊపిరితోనే బలం తెచ్చుకుంటుందన్నమాట," అన్నాను.

ఆర్లిస్ ఊపిరితిత్తుల నిండా బొగ్గే. ఆఖరి ఏడాది ముక్కుకి గొట్టంతో మంచం మీదే. నాకు ఊదేవాడు ఎవడూ లేడే, దానికైనా ఒకటి పెడతాను అనేవాడు. జ్వరం మాటలనుకున్నాను.

"ఎన్ని గుర్రాల బలం వస్తుంది?" అని రీవా అడిగింది.

"సరిగ్గా కుదిరితే ఆరు వందలు."

మా నాన్నకి ఉన్నదల్లా ఒక్క కంచర గాడిద. అది కూడా ఆదివారం కదిలేది కాదు.

నాకు వేగం మీద మోజు లేదని ఇక్కడ రాయించుకుంటున్నాను. కచేరీ దాకా వెళ్తే చాలు.

ఏప్రిల్ 21, ఈస్టరు

ప్రార్థనలో అందరూ క్రీస్తు లేచాడు అన్నారు. నేను కూడా అన్నాను. ఇంటికొచ్చి ఎర్రకోడిని లేపాను. గుడ్లతో సహా బుట్టలోకి మార్చాను. తిట్టింది.

ఏప్రిల్ 24

వాన. ఎల్జీ రాలేదు. మధ్యాహ్నం కాసేపు కారులో కూచున్నాను. రోజూ కూచుంటాను, ఎలుకలు చేరకుండా. స్టీరింగు లేని కుడివైపు సీట్లో. స్టీరింగు వైపు ఎలుకలు రావు.

ఏప్రిల్ 27

ఇంజిను కారులోకి దిగింది! చైను కప్పీకి కట్టి ఎల్జీ లాగుతుంటే, నేనూ రీవా చెరోపక్క నిలబడి "ఎడమకి, ఎడమకి, నీ ఎడమ కాదు నా ఎడమ" అని అరిచాం. తొట్టిలో పిల్లాడిలా కూచుంది.

విప్పి ఉంచిన గొట్టాల మూతుల్లోకి దుమ్మూ మరలూ పడకుండా గుడ్డలు కుక్కాలని ఎల్జీ అన్నాడు. ఆర్లిస్ పాత చొక్కాలు ఇచ్చాను. ఊరికే ఇవ్వలేదు, నేనే చింపాను. బూడిద రంగు పని చొక్కాలోంచి నాలుగు ముక్కలు, పచ్చదాంట్లోంచి మూడు, గోధుమ గళ్లదాంట్లోంచి రెండు చేతులు. గళ్లది మా నలభయ్యో పెళ్లిరోజు నాటిది.

"తొమ్మిది గుడ్డలు. తీసినప్పుడు తొమ్మిదీ నాకివ్వు. ఉతకాలి," అన్నాను.

"డోవక్కా, నా దగ్గర చీటీ ఉంది. చేసిన పని చేసినట్టు గీత కొడతా. గనిలో ఒక్కసారైనా తప్పానా?"

చీటీ గోడకి అంటించాడు. నిండా అక్షరాలు. గోడకి అందంగానే ఉంది.

ఏప్రిల్ 30

క్లేటన్ కంచె దగ్గరికొచ్చి బానెట్ కింద చూశాడు. ఎవరో పోయారన్నంత గట్టిగా కేక పెట్టాడు.

"అది... అది పికప్ ఇంజిను! షెవెల్‌లో పికప్ ఇంజినా! అసలుది ఏది? కారు నంబరుతో నంబరు కలిసే ఇంజిను ఏది?"

"పగిలింది. 1988లో. సంతలో పాత ఇనుముకి వేశాం."

వాడు కంచె పట్టుకుని కూలబడ్డాడు. రీవా పరిగెత్తి నిమ్మరసం తెచ్చిచ్చింది. తాగి, కొంచెం తేరుకుని, "ఆ పక్కన గుండ్రంగా ఏంటది?" అన్నాడు.

"నత్త," అన్నాను.

వాడు లేచి వెళ్లిపోయాడు. నేనూ ఎల్జీ స్పానర్లు కింద పడేసి నవ్వాం. రీవా కూడా నవ్వింది. తర్వాత తప్పని ప్రార్థన చేసుకుంది.

అయినా వాడు కారు మీద ఆశ వదల్లేదు. ఇదంతా పీకి పారేసి అసలుది ఎక్కడైనా వెతికి పెడతానని పోస్టాఫీసులో అన్నాడట. వేలం రోజుకి ఖాళీ ట్రైలరు కడిగి ఉంచుకున్నాడట.

మే 3

బ్రేకులు. కొత్త గొట్టాలు. చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె. ఎల్జీ మూడు గిన్నెలు తిన్నాడు.

మే 6

నంబరు పలక వచ్చింది. బీమా కాగితం వచ్చింది. అక్కడ ఒక చిక్కు కూడా వచ్చింది.

"నడిపేది ఎవరని అడిగింది బీమా ఆఫీసు పిల్ల," అంది రీవా.

ఎల్జీకి లైసెన్సు లేదు. నాకు ఎప్పుడూ లేదు. పన్నెండేళ్ల వయసు నుంచీ ఈ కొండల్లో బండి నడుపుతూనే ఉన్నాను గానీ, అది రాయొద్దన్నాను. చూపు సరిగా లేక తీసుకోలేదు. (ఇది రీవా: వదిన కళ్లకి నిన్న కొండ మీది గద్ద ముక్కు కూడా కనబడింది. పరీక్ష కాగితం చదవాలి కాబట్టి తీసుకోలేదు. చెప్పింది చెప్పినట్టు రాస్తానన్నాను, చెప్పనిది రాయనని అనలేదు.)

మిగిలింది రీవా. వయసు డెబ్బై ఒకటి. ఇంటి నుంచి చర్చికి, చర్చి నుంచి ఇంటికి, గంటకి ముప్పై మైళ్లు దాటదు. వెనకాల అంత్యక్రియల ఊరేగింపులా బళ్లు బారు తీరుతాయి.

"నా వల్ల కాదు వదినా. ఆరు వందలు! నేను కోళ్లనే అదిలించలేను."

"మెల్లగానే పోనివ్వవే. నాక్కావలసింది కచేరీ దాకా వెళ్లడం. అంతే."

మే 9

గాలి చల్లార్చే రేకుల పెట్టె ముందుభాగంలో బిగించారు. నత్త నుంచి దానికి ఒక గొట్టం, దాని నుంచి ఇంజినుకి ఇంకో గొట్టం. నాలుగు అంగుళాల తేడాతో పట్టలేదు. ఎల్జీ కోసి, అతికి, మళ్లీ కోశాడు. చీటీ మీద గీతలు కొట్టాడు.

మే 12, ఆదివారం

పలికింది! పలికింది! పలికింది!

ప్రార్థన నుంచి వచ్చిన బట్టలతోనే. ఎల్జీ తాళం తిప్పాడు. రెండుసార్లు దగ్గి, మూడోసారి గర్జించింది. కోళ్లు పదకొండూ కప్పు మీదికెక్కాయి. వంటింట్లో గిన్నెలు మోగాయి. నా పళ్లసెట్టు వణికింది. రీవా చెవులు మూసుకుని "అయ్యో ప్రభూ, అయ్యో ప్రభూ" అంటూనే ఇంకొంచెం దగ్గరికి జరిగింది, చూశాను.

రోడ్డుకి అవతల క్లేటన్ ఇంట్లో తెర కదిలింది. చెయ్యి ఊపాను.

మే 14

ఏం బాగోలేదు. నిలబడి ఉంటే పలుకుతుంది. రోడ్డెక్కి తొక్కితే గొంతు పట్టేసినట్టు ఈల వేసి చచ్చిపోతుంది. వాగు దాటి చిన్న ఎక్కుడు ఎక్కలేకపోయింది. ముగ్గురం వెనక్కి తోసుకొచ్చాం. క్లేటన్ అరుగు మీద కూచుని కాఫీ తాగుతూ చూశాడు.

"సాయం కావాలా అమ్మగారూ?"

"కాఫీ చల్లారిపోతుంది, తాగు."

మే 15

ఎల్జీ మనవరాలి కంప్యూటరు ఇంజినుకి తగిలించి ఒళ్లో పెట్టుకుని, భూతద్దంతో అంకెలు చూస్తూ రోజంతా కూచున్నాడు. పెట్రోలు ఎక్కువ చేశాడు, తక్కువ చేశాడు. నిప్పురవ్వ పడే వేళ ముందుకి జరిపాడు, వెనక్కి జరిపాడు. సాయంత్రానికి మనిషి ముడుచుకుపోయాడు.

"డోవక్కా, నావల్ల కావట్లేదే. నాకర్థం కాని అంకెలివి. ఆర్లిస్ ఉంటే..."

"లేడుగా," అన్నాను. అన్నాక లోపలికెళ్లి పిండి కలిపాను. రొట్టె అక్కర్లేదు. కలిపాను.

ఎల్లుండే 17.

మే 16

ఇది జాగ్రత్తగా రాయి రీవా.

పొద్దున బట్టలు ఉతికాను. ఎల్జీ తీసి బకెట్లో వేసిన గుడ్డలు తీగ మీద ఆరేశాను. బూడిదవి నాలుగు, పచ్చవి మూడు. గళ్ల చెయ్యి ఒకటి.

ఒకటే.

బకెట్ బోర్లించాను. షెడ్డు ఊడ్చాను. కోళ్ల గూడు కూడా వెతికాను. అప్పుడెళ్లి ఎల్జీ ఎదురుగా నిలబడ్డాను.

"ఒక చెయ్యి దాని కడుపులో ఉంది."

"ఏ చెయ్యి?"

"గళ్ల చొక్కాది. ఎడమది. మణికట్టు దగ్గర నేను కుట్టిన తెల్ల గుండీ ఉంటుంది."

"లేదే డోవక్కా. ఇదిగో చీటీ. గుడ్డలన్నీ తీశాను, గీత కొట్టాను. చూడు!"

"నేను చూసి ఏం చేసుకోను? నువ్వు కొట్టింది గీత. నేను ఉతికింది గుడ్డ. తీగ మీద ఎనిమిదే ఉన్నాయి."

"ఇరవై ఏడేళ్లలో ఎప్పుడూ..."

"ఎల్జీ. విప్పు."

గొణిగాడు. విప్పాడు. రేకుల పెట్టె నుంచి ఇంజినుకి వెళ్లే గొట్టం. బిగింపు వదులు చేసి లాగగానే అక్కడ ఉంది. గాలి తోసుకెళ్లి ఇంజిను ద్వారానికి అదిమి పెట్టింది. గోధుమ గళ్లు, తెల్ల గుండీ. ఎల్జీ రెండు వేళ్లతో లాగుతుంటే పొడుగ్గా వచ్చింది, ఎవరో లోపలి నుంచి చెయ్యి చాపినట్టు.

గీత కొట్టాకే నాలుగు అంగుళాల తేడా వచ్చిందట. మళ్లీ విప్పాడు, మళ్లీ గుడ్డ కుక్కాడు. చీటీ మీద అప్పటికే గీత ఉందాయె.

ఎల్జీ నేల మీద కూచుండిపోయాడు. "వెధవని నేను. నిన్నంతా కంప్యూటర్ని తిట్టానే."

"దానికి ఊపిరి ఆడలేదు, అంతే," అన్నాను.

గుడ్డ ఉతకలేదు. మడిచి గౌను జేబులో పెట్టుకున్నాను. ఇక్కడ నేను ఏడ్చానని రీవా రాసింది. కొట్టెయ్యమన్నాను. కొట్టేసింది.

భోజనం వేళకి మళ్లీ బిగించాం. రీవా స్టీరింగు ముందు కూచుంది. వాగు దాటింది. ఎక్కుడు దగ్గర మెల్లగా తొక్కింది. నత్త ఈల వేసింది, సన్నగా మొదలై లావుగా. తర్వాత ఏం జరిగిందో చెప్పలేను. నా టోపీ వెనక సీట్లో దొరికింది.

రీవా బండి ఆపి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, ముందుకే చూస్తూ కూచుంది. ముఖం ఎర్రగా ఉంది.

"భయమేసిందా?" అన్నాను.

"వదినా, ఇంకొక్కసారి వెళ్దామా?"

మే 17, శుక్రవారం

ఎనిమిది గంటలకి బయల్దేరాం. ముందు రీవా, పక్కన నేను, వెనక ఎల్జీ. ఒళ్లో ఆపిల్ కజ్జికాయల డబ్బా, జేబులో గళ్ల చొక్కా చెయ్యి. కచేరీ పందొమ్మిది మైళ్లు.

క్లేటన్ అప్పటికే వెళ్లిపోయాడు, ఖాళీ ట్రైలరు తగిలించుకుని. నిన్న మధ్యాహ్నం వాడు ఊళ్లో లేడు. పొద్దున్నే మా పెరట్లో ఇంజిను చప్పుడు లేకపోయేసరికి ఇక పలకదనుకున్నాడు. ఎల్జీ కావాలనే పలికించలేదు.

మొదటి పది మైళ్లు రీవా చర్చికి వెళ్తున్నట్టే నడిపింది. వెనక బళ్లు బారు తీరాయి. ఎవడో హారను కొట్టాడు. రీవా స్తుతి పాట ఎత్తుకుంది. నది వంపు తిరిగాక పెద్ద ఎక్కుడు వచ్చింది, రోడ్డు రెండు వరుసలయ్యే చోటు. కుడి వరుసలో ముందు, మూలుగుతూ ఎక్కుతోంది క్లేటన్ బండి, ఖాళీ ట్రైలరు ఎగురుతూ.

రీవా పాట ఆపింది.

"వదినా, అది క్లేటనేనా?"

"వాడే."

"మెల్లగా పోనివ్వమన్నావుగా."

నాకు వేగం మీద మోజు లేదు. ఈ పుస్తకంలో ముందే చెప్పాను. కానీ రీవా అడిగింది నన్ను, జవాబిచ్చింది నా నోరు:

"తొక్కవే!"

తొక్కింది. నత్త ఊదింది. నా వీపు సీట్లోకి దిగిపోయింది, కజ్జికాయలు డబ్బాతో సహా ఎల్జీ ఒళ్లోకి ఎగిరాయి, ఎల్జీ "ఆర్లిస్! ఆర్లిస్! చూడరా!" అని అరుస్తున్నాడు. క్లేటన్ ముఖం కిటికీలో ఒక్క క్షణం గుండ్రంగా కనిపించింది, తర్వాత అద్దంలో పెసరగింజంత అయింది, తర్వాత లేదు. రీవా గొంతెత్తి పాడుతోంది, మధ్యలో ఆపిన పాదం నుంచి మళ్లీ, ఇంకో శ్రుతిలో. ఎంత వేగమో ఇక్కడ రాయించను. రీవా డయలు వైపు చూడలేదు, నేను చూసినా చదవలేను, ఎల్జీకి కళ్లలో పొరలు. కాబట్టి సాక్షులు లేరు.

కచేరీ ముందు ఆగాం. హెన్స్లీ అనే కౌంటీ ఆఫీసరమ్మ మెట్లు దిగి వచ్చి చుట్టూ తిరిగి చూసింది. పలక చూసింది, లైట్లు చూసింది, రీవా లైసెన్సు చూసింది.

"బాగానే ఉంది అవ్వా. ఒక్కటే మిగిలింది. ఇక్కడి నిబంధన ప్రకారం ఫిర్యాదు ఇచ్చినాయనే సంతకం పెట్టాలి, బండి నడవడం చూశానని. లేకపోతే కేసు మూసెయ్యడానికి లేదు."

క్లేటన్ ఎందుకు పెడతాడు?

పది నిమిషాలకి వాడొచ్చాడు, ట్రైలరు గలగలమంటూ. దిగి మా కారు ముందు నిలబడ్డాడు. వేడికి బానెట్ టిక్ టిక్ మంటోంది. చక్రాలకి మట్టి, అద్దానికి పురుగులు.

"పెన్నింగ్టన్ గారూ," అంది హెన్స్లీ, "ఈ బండి తన బలంతో తాను నడవడం మీరు చూశారా?"

వాడు నావైపు చూశాడు. నేను వాడి ముక్కు వైపు చూశాను. అబద్ధం చెప్పాలనుకుంటే చెప్పొచ్చు. టోపీ తీశాడు.

"చూశానమ్మా," అన్నాడు. "వెనక నుంచి."

తర్వాత నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మగారూ, నా దగ్గర ఆరున్నాయి. ఒక్కటీ ఎప్పుడూ అలా అరవలేదు." ఇంకాస్త తగ్గించి, "వెళ్లేటప్పుడు నేను పక్కన కూచోవచ్చా?"

"పక్క సీటు నాది. వెనక ఎల్జీతో కూచో. కజ్జికాయలున్నాయి."

కౌంటీ కాగితం మీదా, ఈ పుస్తకం మీదా వాడి చేత సంతకం పెట్టించాను. రెండోది ఏమిటని అడిగాడు. నకలు అన్నాను.

నా గుర్తు ఇన్నేళ్లూ శిలువే. ఈ రోజు కలం తీసుకుని వేరేది వేశాను. లోపల మొదలుపెట్టి చుట్టూ చుట్టూ తిప్పి బయటికి లాగాను. హెన్స్లీ ఇదేమిటని అడిగింది. బానెట్ ఎత్తి నత్తని చూపించి చెప్పాను.

మధ్యాహ్నం మూడు గంటలు. రీవా తాళాలు గలగలలాడిస్తోంది, త్వరగా కానివ్వమంటోంది. ఇకనుంచి నేను రోజూ కారులో కూచుంటాను. ఎలుకల కోసం కాదు.

డోవీ స్టిడమ్, ఆమె గుర్తు: నత్త

సాక్షులు:
ఎల్జీ నేపియర్
క్లేటన్ పెన్నింగ్టన్, ఫిర్యాదుదారు
రాసినదీ, నడిపినదీ: రీవా స్టిడమ్